పైకి చూపే బాణం

మాన్యువల్ గేర్ల కారు నడిపేవారు మీటర్ల మధ్య అప్పుడప్పుడు వెలిగే చిన్న గుర్తును చూసే ఉంటారు. కొన్ని కార్లలో అది పైకి చూపే బాణం. మరికొన్నింటిలో ఇప్పుడున్న గేరు అంకె పక్కనే వేయవలసిన గేరు అంకె కూడా కనిపిస్తుంది. కొందరు దాన్ని అసలు పట్టించుకోరు. కొందరు ఆజ్ఞలా పాటిస్తారు. నిజానికి ఆ బాణం ఒకే ఒక్క ప్రశ్నకు జవాబు చెబుతుంది: ఈ క్షణంలో మీ పాదం ఇంజిన్‌ను అడుగుతున్న శక్తిని పై గేరులో ఇంతకంటే తక్కువ ఇంధనంతో ఇవ్వవచ్చా? ఆ జవాబు ఎలా తయారవుతుందో తెలిస్తే, దాన్ని ఎప్పుడు వినాలో ఎప్పుడు పక్కన పెట్టాలో మనమే తేల్చుకోగలం.

రేసు కార్లలోనూ గేరు మార్చమని చెప్పే లైట్లు ఉంటాయి. వాటి పని వేరు. ఇంజిన్ తన గరిష్ఠ వేగానికి దగ్గరవుతున్నప్పుడు అవి వెలుగుతాయి. ఉన్న బలమంతా వాడుకోవడమే అక్కడ లక్ష్యం. మన కార్లలోని బాణం అంతకు చాలా ముందే, ఇంజిన్ ఇంకా తాపీగా తిరుగుతుండగానే వెలుగుతుంది.

బాణం వెలగాలంటే కారు ఏ గేరులో ఉందో ముందు ఇంజిన్ కంప్యూటరుకు తెలియాలి. చాలా కార్లలో ఇందుకోసం గేర్ రాడ్‌కు ప్రత్యేకమైన సెన్సర్ అక్కరలేదు. ఇంజిన్ నిమిషానికి ఎన్ని చుట్లు తిరుగుతోందో, అంటే ఆర్‌పీఎం ఎంతో, క్రాంక్‌షాఫ్ట్ దగ్గరి సెన్సర్ చెబుతుంది. కారు వేగాన్ని మరో సెన్సర్ చెబుతుంది. క్లచ్ వదిలి ఉన్నంతసేపు ఈ రెండింటి నిష్పత్తి ఒక్కో గేరుకు ఒక్కో స్థిరమైన సంఖ్య.

లెక్క కోసం ఒక చిన్న పెట్రోలు కారును ఊహించుకుందాం. అది మూడో గేరులో గంటకు 50 కిలోమీటర్ల వేగంతో పోతుంటే ఇంజిన్ 2,350 ఆర్‌పీఎం దగ్గర తిరుగుతోందనుకోండి. 2,350ని 50తో భాగిస్తే 47. అదే వేగంలో నాలుగో గేరులో 1,700, అంటే 34. ఐదో గేరులో 1,350, అంటే 27. కంప్యూటర్ ఈ భాగహారాన్ని ఆపకుండా చేస్తూనే ఉంటుంది. జవాబు 47కు దగ్గరగా నిలకడగా ఉంటే మూడో గేరు. ఏ గేరుకూ చెందని సంఖ్య వస్తే క్లచ్ తొక్కి ఉండాలి, లేదా బండి న్యూట్రల్‌లో ఉండాలి. హాఫ్ క్లచ్‌తో ట్రాఫిక్‌లో పాకుతున్నప్పుడు సూచన మాయమయ్యేది ఇందుకే. లెక్క కుదరనప్పుడు ఊహించి చెప్పడం కంటే మౌనంగా ఉండటమే సరైన పని.

గేరు తెలిసింది. పై గేరు మేలు చేస్తుందా అన్నది తరువాతి ప్రశ్న. ఇక్కడ చాలామందిలో బలంగా నాటుకున్న ఒక నమ్మకం అడ్డొస్తుంది: యాక్సిలరేటర్ ఎంత లోతుగా నొక్కితే అంత పెట్రోలు కాలుతుంది కాబట్టి, పై గేరు వేసి కాస్త ఎక్కువ నొక్కడం కంటే కింది గేరులో తేలికగా నొక్కి నడపడమే పొదుపు అని. వినడానికి సహజంగానే ఉంటుంది. కానీ తప్పు.

మన ఊహా కారుకు చదును రోడ్డు మీద 50 కిలోమీటర్ల వేగాన్ని నిలబెట్టుకోవడానికి సుమారు 3 కిలోవాట్ల శక్తి చాలు. గాలి నిరోధానికీ టైర్ల రాపిడికీ అయ్యే ఖర్చు అది. ఏ గేరులో ఉన్నా ఈ 3 కిలోవాట్లు మారవు. శక్తి అంటే ఇంజిన్ మెలితిప్పే బలాన్ని, అంటే టార్క్‌ను, అది తిరిగే వేగంతో గుణిస్తే వచ్చేది. కాబట్టి మూడో గేరులో 2,350 చుట్ల దగ్గర సుమారు 12 న్యూటన్ మీటర్ల టార్క్ సరిపోతుంది. నాలుగో గేరులో 1,700 చుట్లే కనుక సుమారు 17 కావాలి. అంటే పై గేరులో ప్రతి చుట్టులోనూ ఇంజిన్ ఎక్కువ కష్టపడుతుంది, కానీ తక్కువ చుట్లు తిరుగుతుంది.

ఈ రెండో పద్ధతే చవక. అందుకు మొదటి కారణం రాపిడి. పిస్టన్లు, బేరింగులు, ఆయిల్ పంపు ప్రతి చుట్టుకూ తమ వాటా తినేస్తాయి. నిమిషానికి 650 చుట్లు తగ్గితే అన్ని వాటాలు మిగిలినట్టే.

రెండోది అంత సులభంగా కంటికి కనిపించదు. పెట్రోలు ఇంజిన్‌లోకి పోయే గాలిని థ్రాటిల్ అనే పలక అదుపు చేస్తుంది. యాక్సిలరేటర్‌ను తేలికగా నొక్కినప్పుడు ఆ పలక దాదాపు మూసుకునే ఉంటుంది. పిస్టన్లు ఆ సన్నని సందులోంచి గాలిని లాక్కోవాలి. సన్నటి స్ట్రాతో చిక్కటి లస్సీ పీల్చడానికి బుగ్గలు పడే శ్రమే అది. ఆ శ్రమకు ఖర్చయ్యేది కూడా మనం కొన్న పెట్రోలే. పై గేరు వేసి పాదం కాస్త ఎక్కువ నొక్కితే పలక తెరుచుకుంటుంది, పీల్చే శ్రమ తగ్గుతుంది. యాక్సిలరేటర్ లోతు నేరుగా తెరిచేది గాలికి దారిని. ఆ గాలికి తగినంత పెట్రోలును కంప్యూటర్ కొలిచి పోస్తుంది.

ఇంజనీర్లు దీన్ని ఒక పటంలా గీస్తారు. ఒక అక్షం మీద ఆర్‌పీఎం, మరో అక్షం మీద టార్క్. ప్రతి బిందువు దగ్గర ఒక కిలోవాట్ అవర్ పని, అంటే మన కరెంటు బిల్లులోని ఒక యూనిట్, చేయడానికి ఎన్ని గ్రాముల ఇంధనం పడుతుందో రాస్తారు. మంచి పెట్రోలు ఇంజిన్ తన ఉత్తమ బిందువు దగ్గర సుమారు 240 గ్రాములతో ఆ పని చేస్తుంది. అదే ఇంజిన్ తేలికపాటి భారంతో, ఎక్కువ చుట్లతో తిరుగుతుంటే ఆ లెక్క 400 గ్రాములు దాటిపోతుంది. ఒకే ఇంజిన్, ఒకే పెట్రోలు. తేడా ఇంజిన్ మోసే భారంలో, తిరిగే వేగంలో ఉంది; అందులో గేరు ఎంపికకూ వాటా ఉంది. నగరంలో మన ప్రయాణంలో అధిక భాగం ఈ ఖరీదైన మూలలోనే సాగుతుందని తెలిసినప్పుడు, ఆ చిన్న బాణం మీద గౌరవం పెరుగుతుంది.

అలాగని 30 కిలోమీటర్ల వేగంలో టాప్ గేర్ వేస్తే మైలేజీ వస్తుందనుకోవడం అవతలి కొసన ఉన్న పొరపాటు. ఇంజిన్ మరీ నెమ్మదిగా తిరుగుతూ ఎక్కువ భారం మోస్తే బండి వణుకుతుంది, నాకింగ్ మొదలవుతుంది: సిలిండర్లో మిశ్రమం సక్రమంగా మండకుండా ఒక్కసారిగా పేలినట్టు అంటుకోవడమే నాకింగ్. టర్బో అమర్చిన చిన్న పెట్రోలు ఇంజిన్లలో ఈ నిర్లక్ష్యం పిస్టన్లను దెబ్బతీసే దాకా పోవచ్చు. అందుకే బాణాన్ని వెలిగించే ముందు కంప్యూటర్ మరో రెండు విషయాలు సరిచూస్తుంది. మూడు నుంచి నాలుగుకు మారితే ఆర్‌పీఎం 47కు 34 వంతున పడిపోతుంది. అలా పడిన తరువాత కూడా ఇంజిన్ సాఫీగా తిరిగే కనీస వేగం కంటే పైనే ఉంటుందా? ఆ తగ్గిన వేగంలో పాదం అడుగుతున్న టార్క్‌ను ఇవ్వగలదా, ఇచ్చాక ఇంకా కొంత మిగులుతుందా? రెండింటికీ ఔనంటేనే బాణం.

మీరు యాక్సిలరేటర్‌ను గట్టిగా నొక్కితే బాణం ఆలస్యంగా వెలగడానికి కారణం ఈ రెండో పరీక్షే. తాపీగా నడిపితే 2,000 దగ్గరే వెలిగే సూచన, ఓవర్‌టేక్ చేసేటప్పుడు ఎంతో పైకి వెళ్లాక గానీ రాదు. ఇంజిన్ ఇంకా చల్లగా ఉన్నప్పుడు కూడా కొన్ని కార్లలో హద్దులు మారతాయి. డీజిల్ ఇంజిన్లలో గాలి దారిని అలా బిగించి ఉంచరు కనుక పీల్చే శ్రమ తక్కువ; అక్కడ పొదుపు ఎక్కువగా రాపిడి తగ్గడం వల్ల వస్తుంది.

ఇంకొక జాగ్రత్త. హద్దు దగ్గర వేగం కాస్త అటూ ఇటూ ఊగితే బాణం మిణుకుమిణుకుమంటూ విసిగిస్తుంది. అందుకని వెలగడానికి ఒక హద్దు, ఆరడానికి అంతకంటే కిందుగా మరో హద్దు పెడతారు. పరిస్థితి కొంతసేపు నిలకడగా ఉంటేనే వెలిగిస్తారు.

ఈ లైటు పుట్టుకలో సాంకేతికత ఎంత ఉందో చట్టం అంత ఉంది. 1973 చమురు సంక్షోభం తరువాత అమెరికా 1975లో ఒక చట్టం చేసింది. దాని ప్రకారం 1978 మోడల్ కార్లు సగటున గ్యాలనుకు 18 మైళ్లు, 1985 నాటికి 27.5 మైళ్లు ఇవ్వాలి. మన లెక్కలో లీటరుకు సుమారు 7.7 నుంచి 11.7 కిలోమీటర్లు. ఆ మైలేజీని ప్రయోగశాలలో కొలిచేటప్పుడు గేరు ఎప్పుడు మార్చాలన్నది ఫలితాన్ని మార్చేస్తుంది. డ్రైవర్లు నిజంగా లైటును అనుసరిస్తున్నారని చూపగలిగితే, లైటు చెప్పిన చోట గేరు మార్చి పరీక్ష చేసుకునే వీలు అక్కడి నియమాల్లో ఉండేది. దాంతో ఒక చిన్న బల్బుకు పెద్ద విలువ వచ్చింది. ఐరోపాలో ఫోక్స్‌వాగన్ కూడా 1980ల ఆరంభంలో తన పొదుపు మోడళ్లలో ఇలాంటి సూచికను పెట్టింది.

షెవర్లే కార్వెట్ ఇంకో అడుగు ముందుకు వేసింది. 1989లో వచ్చిన ఆరు గేర్ల కార్వెట్‌లో, తక్కువ వేగంలో యాక్సిలరేటర్‌ను తేలికగా నొక్కి మొదటి గేరు నుంచి రెండో గేరుకు వెళ్లబోతే, ఒక మీట అడ్డుపడి రాడ్‌ను నాలుగో గేరులోకి మళ్లించేది. సలహాను బలవంతంగా మార్చిన ఈ ఏర్పాటును చాలామంది యజమానులు తీసి పారేశారు. నా దృష్టిలో బాణానికి ఉన్న విలువ అది బలవంతపెట్టకపోవడంలోనే ఉంది. ముందున్న రోడ్డు కనిపించేది డ్రైవరుకే. ఐరోపా సమాఖ్య సలహా దగ్గరే ఆగి, దాన్ని తప్పనిసరి చేసింది: మాన్యువల్ గేర్ల కొత్త మోడల్ కార్లకు 2012 నవంబరు నుంచి, అమ్మే కొత్త కార్లన్నింటికీ 2014 నవంబరు నుంచి.

ఆ రోడ్డు మాట తిరుమలలో బాగా అర్థమవుతుంది. కొండ ఎక్కే దారి వేరు, దిగే దారి వేరు. ఎక్కేటప్పుడు పాదం లోతుగా ఉంటుంది కనుక బాణం చాలావరకు సరిగానే ప్రవర్తిస్తుంది. కానీ మలుపుకు ముందు పాదం కాస్త ఎత్తగానే శక్తి అవసరం తగ్గిందనుకుని పై గేరు చూపవచ్చు. మలుపు దాటాక మళ్లీ ఎక్కుడు ఉందని దానికి తెలియదు. అక్కడ రెండో గేరులోనే ఉండటం మంచిది.

దిగేటప్పుడు సంగతి ఇంకా స్పష్టం. గేరులో ఉండి పాదం పూర్తిగా తీసేస్తే, ఇంజెక్టర్లు ఇంధనాన్ని పూర్తిగా ఆపేస్తాయి. చక్రాలే ఇంజిన్‌ను తిప్పుతాయి. ఆర్‌పీఎం ఐడ్లింగ్ వేగానికి దగ్గరయ్యాకే మళ్లీ ఇంధనం మొదలవుతుంది. అంటే రెండో గేరులో 3,000 చుట్లతో దిగుతున్నా ఆ సమయంలో ఖర్చయ్యే పెట్రోలు సున్నా. అప్పుడు బాణం పైకి చూపినా పొదుపు చేయడానికి ఏమీ మిగలలేదు. పై గేరు వేస్తే ఇంజిన్ పట్టు తగ్గి, ఆ భారమంతా బ్రేకుల మీద పడుతుంది. పొడవైన దిగుడులో బ్రేకులు వేడెక్కి పట్టు కోల్పోతాయి. న్యూట్రల్‌లో దిగడం ఇంకా ప్రమాదకరం. అందులో పొదుపు కూడా లేదు, ఎందుకంటే ఇంజిన్ ఆగిపోకుండా ఉండటానికి ఇంధనం పోస్తూనే ఉండాలి.