ఒకటిని మూడుతో భాగిస్తే సున్నా!

యునిక్స్, లినక్స్ కంప్యూటర్లలో 'బీసీ' అనే కాలిక్యులేటర్ ఉంటుంది. దానికి బటన్లు లేవు, బొమ్మలు లేవు. లెక్క టైప్ చేసి ఎంటర్ నొక్కడమే. 1/3 అని కొట్టండి. జవాబు 0! మీకు తెలుసా? 'స్కేల్' (అంటే ఎన్ని దశాంశ స్థానాలు కావాలో) చెప్పేదాకా భాగహారంలో అది ఒక్క దశాంశ స్థానం కూడా ఇవ్వదు. అడగనిదే అమ్మయినా పెట్టదు మరి!

సరే, స్కేల్=4 అన్నారు. ఇప్పుడు 2/3 ఎంత? .6667 అనుకున్నారా? కాదు, .6666! బీసీ దగ్గర సవరింపుల్లేవు, కత్తిరింపులే. చుక్కకు ముందు సున్నా కూడా రాయదు. ఎంత పిసినారో!

మీకు తెలుసా? స్కేల్ చెప్పకుండా 1.5ను 1.5తో హెచ్చవేస్తే 2.25 రాదు, 2.2 వస్తుంది. ఆ అయిదు పైసలు ఎవరి జేబులోకి?

కూడికల్లో మాత్రం బంగారం! 0.1, 0.2 కలపమంటే పైథాన్ 0.30000000000000004 అంటుంది. బీసీ శుభ్రంగా .3 అంటుంది, అదీ స్కేల్ సున్నాలో ఉండగానే. శభాష్!

'మైనస్ ఎల్' తగిలించి బీసీని పిలిస్తే స్కేల్ ఏకంగా 20. మీకు తెలుసా? గ్రహాల మధ్య నౌకలు నడిపే నాసా లెక్కలకు 'పై' విలువలో 15 దశాంశాలే చాలు. పాలవాడి పద్దుకు మీకు 20!

ఆ 20తోనే 7ను 3తో భాగించి శేషం అడగండి. 1 రాదు, .00000000000000000001 వస్తుంది! ఏ లెక్కల మాస్టారూ మార్కులెయ్యరు.

గ్నూ బీసీలో స్కేల్ ఎంతవరకు పెంచొచ్చో మీకు తెలుసా? 2147483647! అంటే 214 కోట్ల పైచిలుకు స్థానాలు. జవాబు చదవడానికి ఒక జన్మ చాలదు.

బెల్ ల్యాబ్స్‌లో లోరిండా చెర్రీ, రాబర్ట్ మోరిస్ రాసిన బీసీ 1975 నాటి యునిక్స్‌తో బయటికొచ్చింది. 1988లో ఇంటర్నెట్‌ను గడగడలాడించిన 'మోరిస్ వర్మ్' ఎవరిదో మీకు తెలుసా? ఈ మోరిస్‌గారి అబ్బాయిదే! తండ్రి లెక్క కడితే కొడుకు లెక్క తప్పించాడు.

బీసీని 'మైనస్ ఎల్'తో పిలిచి, స్కేల్=10 పెట్టి, 'పై' కోసం 4*a(1) అని అడిగితే 3.1415926532 అంటుంది. చివరి అంకె తప్పు, అక్కడ 5 ఉండాలి. ఆరు శతాబ్దాల కిందటి కేరళ గణితవేత్త మాధవుడిదిగా చెప్పే విలువ 3.14159265359. కరెంటు లేకుండానే గెలిచేశాడు!

అందుకే ఒక చిట్కా: కావలసినదానికన్నా రెండు మూడు స్థానాలు ఎక్కువే అడగండి, తోకను మీరే కోసెయ్యండి. చివరి అంకెను నమ్ముతానంటే మాత్రం మీ ఇష్టం!