మినుము మొక్క నీటి పొదుపు

శ్రీకాకుళం, విజయనగరం జిల్లాలలో వరి కోతకు కొద్దిరోజుల ముందుగా, పొలములో తడి ఆరకమునుపే, నిలిచియున్న పైరులో మినుము, పెసర విత్తనములు చల్లు ఆచారము కలదు. కోత ముగియునప్పటికి మొలకలు లేచియుండును. ఆపై సుమారు రెండున్నర మాసములు ఆ పైరునకు వరి విడిచిపోయిన తేమయే ముఖ్యాధారము. మాఘమాసపు మధ్యాహ్నవేళ ఆకులు వాలియుండుట చూచి, పైరు చేజారినదని దిగులుపడువారు కలరు. నిజమునకు ఆ వేళ మొక్క లోలోపల ఎంతో పని చేయుచుండును.

నేల ఎండజొచ్చినంతనే మొక్కలో ఆబ్సిసిక్ ఆమ్లము అను పదార్థము పెరుగును. దీనిని 1963లో ప్రత్తికాయలనుండి వేరుచేసిరి. వాడిన గోధుమ ఆకులలో ఇది అధికమగునని 1969లో వెల్లడియైనది. ఆకుపై కంటికి కానరాని పత్రరంధ్రములు వేలకొలది కలవు. ఒక్కొక్క రంధ్రమునకు రెండు కణములు తలుపురెక్కల వంటివి. ఈ ఆమ్లము సోకగానే వానిలోని పొటాసియం వెలికిపోవును. దాని వెంట నీరును పోవును. కణములు సడలి రంధ్రము మూసికొనును. నీరు ఆవిరియై పోవుట తగ్గును.

రెండవ ఉపాయము ప్రోలీన్. వాడిన గడ్డిలో ఈ ఆమినో ఆమ్లము పెరుగుటను 1954లోనే గుర్తించిరి. ఉప్పు చల్లిన మామిడిముక్కలనుండి నీరు ఊరుట మన యిండ్లలో ఎరిగినదే. ఉప్పున్న వైపునకు నీరు నడచును. అట్లే ప్రోలీన్, చక్కెరలు కూడబెట్టుకొన్న కణము నీటిని తనలో పట్టియుంచుకొనును.

అయితే ఈ పొదుపునకు వెల కలదు. రంధ్రములు మూసినచో బొగ్గుపులుసు వాయువు లోనికి రాదు. మొక్కకు ఆహారము తయారుకాదు. వేరుబుడిపెలలోని సూక్ష్మజీవులు నత్రజనిని పట్టు పనియు మందగించును. ఎద్దడి పూతవేళ వచ్చినచో పూలు రాలును, పిందె నిలువదు. మొక్క బ్రతుకును గాని గింజ తగ్గును.

కావున మధ్యాహ్నము వాలి, సాయంకాలమునకు తేరుకొను ఆకును చూచి కలతపడనక్కరలేదు. తెల్లవారినను లేవని ఆకు మాత్రము, మొక్క తన పొదుపు హద్దు దాటినదని తెలుపును. అంతవరకు వేచియుండరాదు. చెరువులోనో నూతిలోనో కొద్దిపాటి నీరు మిగిలినచో, దానిని పూతకో, కాయ ఊరువేళకో దాచి ఒక్క తడి ఇచ్చుట మేలు. మొక్క చేసిన పొదుపు అప్పుడే గింజగా ఇంటికి చేరును.