గోడ మీది గాజు

చేత్తో చేసి గ్లేజు వేసిన గోడపలక ధర వినగానే "మట్టికి ఇంత డబ్బా?" అనేవారు చాలామంది. మట్టి చవకే. పైన మెరిసే పూత సరుకూ చవకే. గ్లేజంటే పలక మీదే కరిగి అతుక్కుపోయిన గాజు. పలుగురాయి పొడి, ఫెల్డ్‌స్పార్, కాస్త సున్నం, కొంచెం బంకమట్టి ఉంటే చాలు. అనంతపురం పీఠభూమిలో ఏ గుట్ట ఎక్కినా గ్రానైటు బండలే. వాటిలో బూడిదరంగుగా మెరిసేది పలుగు, తెల్లగానో గులాబీగానో కనిపించే పలుకులు ఫెల్డ్‌స్పార్. సరుకును బట్టే అయితే ఈ కరువుసీమ గ్లేజు పనికి ఎప్పుడో పేరుమోయాలి. మోయలేదంటే చిక్కు నిప్పు దగ్గర ఉంది. పలుగు ఒక్కటే అయితే 1,700 డిగ్రీల సెల్సియస్ దాటితేగాని కరగదు. ఫెల్డ్‌స్పార్‌లోని పొటాషియం, సోడియం ఆ మెట్టును దించినా 1,200 చుట్టుపక్కల వేడి కావాలి. కంపలు, పిడకలు పేర్చిన కుమ్మరి ఆవం సాధారణంగా 900 దాటదు. ఏడాదికి 550 మిల్లీమీటర్ల వాన పడే నేలలో అంతకుమించి కట్టె ఎక్కడిది? సీసం కలిపితే తక్కువ వేడికే కరుగుతుంది గానీ, తినే గిన్నెలో అది విషం.

మన కుమ్మరికి ఆ పనితనం లేదేమో అని సందేహించేవారు ఎండాకాలం కడవను ఒకసారి తడిమి చూడాలి. సన్నని రంధ్రాల్లోంచి చెమర్చిన నీరు ఆవిరవుతూ లోపలి వేడిని లాక్కుపోతుంది. గ్లేజు ఆ రంధ్రాలను మూసేస్తుంది. చల్లబరచని కడవను అనంతపురంలో ఎవరు కొంటారు? గోడకు ఆ అవసరం లేదు. అక్కడ కావలసింది రంగు నిలవడం. హైదరాబాదు బాద్‌షాహీ ఆషూర్‌ఖానాలో 1611 నాటి పలకల నీలం, పసుపు ఇప్పటికీ నిగనిగలాడుతున్నాయి. అంతకు కొన్ని దశాబ్దాల ముందు లేపాక్షి గుడి కప్పు మీద గారపై వేసిన బొమ్మలు చాలాచోట్ల పెచ్చులూడాయి. గ్లేజులో కోబాల్టు, రాగి, ఇనుము వంటి లోహాల రంగు గాజులోనే కలిసిపోతుంది కాబట్టి ఎండకు వెలవదు. అయితే ఆషూర్‌ఖానాలోనూ 1908 మూసీ వరదకు కింది పలకలు దెబ్బతిన్నాయి కదా అనవచ్చు. నిజమే. గాజు ముందు నుంచి నీటిని ఆపుతుంది. వెనక గోడలోంచి వచ్చే తడిని ఆపలేదు.

అసలు ధర పలికేది మట్టికీ గాజుకూ పొత్తు కుదర్చడానికి. ఆవం చల్లారేటప్పుడు రెండూ కుంచించుకుంటాయి. గాజు ఎక్కువ కుంచించుకుంటే సాలెగూడులా పగుళ్లు పడతాయి. మరీ తక్కువైతే అంచుల దగ్గర పెచ్చులు లేస్తాయి. 573 డిగ్రీల దగ్గర మట్టిలోని పలుగు రేణువులు ఒక్కసారిగా ముడుచుకుంటాయి, అప్పుడు తొందరపడితే పలక నిలువునా చీలుతుంది. నల్లరేగడిలోని సున్నపు గుళిక ఒకటి మట్టిలో దాగి, తక్కువ వేడికి కాలితే ఇంకో తంటా: అది వారాల తర్వాత తేమ పీల్చి ఉబ్బి, పైనున్న గ్లేజును కంది బద్దంత మేర ఎగరగొడుతుంది. ఫ్యాక్టరీ టైలు మీదా ఇదే గాజు, మరి అది చవకెందుకు? దాని మందం అంతటా ఒకటే, వేడి చల్లారే తీరూ ఒకటే. చేతిపనిలో ఉబ్బెత్తు తామరరేకు ఒక తీరున, పలచని నేపథ్యం ఇంకో తీరున చల్లారుతాయి. ఆవంలో చీలినవాటి ఖర్చు మిగిలినవాటి మీద పడుతుంది. కొనేవారు ముందువైపు మురిసిపోయి ఊరుకోకుండా పలకను ఏటవాలు వెలుతురులో పట్టి అంచులు చూడాలి, వెనక్కి తిప్పి వంకర ఉందేమో చూడాలి. సన్నపగుళ్లన్నీ లోపాలు కావు. కొందరు కావాలనే రప్పించి వాటిలో సిరా దిద్దుతారు. అలాంటి పలకను వాన జల్లు కొట్టే వరండాలో కాకుండా లోపలి గోడకు తగిలించుకుంటే మేలు.