లెక్క కాచేవారు, లెక్క అడిగేవారు

దేశ రాజధానిలో మంత్రుల కదలికలు పత్రికలకెక్కుతాయి. ఫైళ్ళ కదలికలు అప్పుడప్పుడు ఎక్కుతాయి. కంప్యూటర్లలో పేరుకుపోయిన పట్టికల సంగతి పట్టించుకునేవారు అరుదు. అయితే కూలి చేసిన మనిషికి డబ్బు ఎప్పుడు చేరిందో చెప్పగల సాక్ష్యం నేడు ఆ పట్టికలలోనే వున్నది. 1976లో నేషనల్ ఇన్ఫర్మాటిక్స్ సెంటర్‌ను నెలకొల్పిన నాటినుండి ఒక్కొక్క శాఖ రికార్డులు కాగితం మీదినుండి యంత్రంలోకి తరలుతూ వచ్చాయి.

ఈ పట్టికలను కాచే ఉద్యోగిని డేటాబేస్ అడ్మినిస్ట్రేటర్ అంటారు. ఆయన పని ఖజానా కాపలా వంటిది. నకళ్ళు తీసి భద్రపరచడం, అనుమతి లేనివారిని దూరంగా వుంచడం, యంత్రం చెడితే పోయిన సమాచారాన్ని తిరిగి నిలబెట్టడం ఆయన విధులు. రికార్డులు ఏమి చెబుతున్నవన్నది ఆయన ప్రమేయం లేని విషయంగా వుంటూ వచ్చింది. ఇప్పుడు పరిస్థితి మారుతున్నది. పై అధికారులు రంగురంగుల డాష్‌బోర్డులు కోరుతున్న ఈ రోజులలో ఈ కాపలాదారుడే పవర్ బీఐ, టాబ్లో వంటి విశ్లేషణ సాధనాలు నేర్చుకోవలసి వస్తున్నది.

‘బిజినెస్ ఇంటెలిజెన్స్’ అనే మాట కొత్తదేమీ కాదు. ఐబీఎం సంస్థకు చెందిన హాన్స్ పీటర్ లూన్ 1958లోనే ఆ పేరుతో ఒక విధానాన్ని ప్రతిపాదిస్తూ వ్యాసం ప్రకటించారు. విద్య కూడా అసాధ్యమైనది కాదు. నిత్య వ్యవహారానికి ఒకే సమాచారం రెండుచోట్ల రాకుండా పట్టికలను విడదీస్తారు. విశ్లేషణకు వాటినే మరో విధంగా కూర్చాలి: చెల్లింపులు మధ్యన, వాటి చుట్టూ కాలం, ప్రాంతం, పథకం. పట్టికల పుట్టుపూర్వోత్తరాలు తెలిసినవానికి ఇది త్వరలోనే పట్టుబడుతుంది. అయితే ఏ తేదీనుండి ఏ తేదీవరకు లెక్కించాలన్నది మాత్రం ఏ సాధనమూ నేర్పదు.

గ్రామీణ ఉపాధి హామీ పథకం అనుభవమే ఇందుకు నిదర్శనం. 2006 ఫిబ్రవరి 2న అనంతపురం జిల్లా బండ్లపల్లిలో ప్రారంభమైన ఆ పథకపు చట్టం ప్రకారం కూలి 15 రోజులలో చెల్లించవలసి వుండేది. మస్టరు ముగిసిన 16వ రోజునుండి రోజుకు 0.05 శాతం చొప్పున పరిహారం ఇవ్వవలసి వుండేది. కానీ నిధుల బదిలీ ఉత్తరువు తయారయ్యే వరకు జరిగిన ఆలస్యాన్ని మాత్రమే కేంద్ర సమాచార వ్యవస్థ లెక్కించింది. ఆ తరువాత కూలీ ఖాతాకు డబ్బు చేరడానికి పట్టిన రోజులు లెక్కకు రాలేదు. వాటికి పరిహారమూ రాలేదు. కూడికలో తప్పు లేదు. గీత గీసిన చోటే తప్పు వున్నది.

పరిశోధకులు ప్రభుత్వం బహిరంగపరచిన చెల్లింపుల రికార్డులనే తీసుకుని, రెండవ దశను కూడా కలిపి లెక్కకట్టారు. ఈ రెండవ దశ ఆలస్యం లెక్కకు రావడం లేదని 2017లో ఆర్థిక మంత్రిత్వ శాఖ పత్రమే అంగీకరించింది. స్వరాజ్ అభియాన్ కేసులో 2018 మే 18న ఇచ్చిన తీర్పులో, ఆ ఆలస్యానికీ పరిహారం చెల్లించవలసిందేనని సుప్రీంకోర్టు స్పష్టం చేసింది.

రెండు తేదీలూ రికార్డులలో వున్నవని పట్టికలు కాచేవారికి అందరికంటే బాగా తెలుసు. ఆ పరిజ్ఞానానికి ప్రశ్నించే విద్య తోడైతే కోర్టుదాకా వెళ్ళకముందే కొన్ని పొరపాట్లు బయటపడగలవు. అయితే ఆయన ఉద్యోగి. ఏ ప్రశ్న వేయాలో నిర్ణయించే అధికారం ఆయన చేతిలో లేదు. కనుక శిక్షణ తరగతులతో ప్రభుత్వ బాధ్యత తీరిపోదు. ప్రకటించే ప్రతి అంకె పక్కన దాని నిర్వచనాన్ని కూడా ప్రకటించాలి. వ్యక్తుల వివరాలు కాపాడుతూనే మొత్తాల వెనుకనున్న మూల రికార్డులను ప్రజల ముందుంచాలి. సమాచారాన్ని ఎవరూ అడగకుండానే వెల్లడించాలని 2005 నాటి సమాచార హక్కు చట్టం నాలుగవ సెక్షను చెబుతూనే వున్నది. ‘ఆలస్యం లేదు’ అని డాష్‌బోర్డు ప్రకటించినప్పుడు, ఎవరి గుమ్మం వరకు లెక్కించారని పార్లమెంటు సభ్యులు నిలదీయడం అవసరం.