సరుకుకు ఎల్ల లేదు, భూమికి ఉన్నది

జగ్గయ్యపేట, నందిగామ వర్తకులకు కోదాడ, ఖమ్మం వైపు లావాదేవీలు తరతరాలుగా ఉన్నవి. 2014 జూన్ 2న రాష్ట్ర విభజనతో నడుమ సరిహద్దు ఏర్పడినా, పత్తి, మిర్చి రాకపోకలు ఆగలేదు. 2017 జూలై 1 నుండి జి.ఎస్.టి.తో పన్ను విధానం కూడా ఒకటే అయినది. అయితే సరిహద్దుకు ఆవల గోదాము గాని, జిన్నింగు మిల్లు గాని పెట్టదలచినవారు ఒకటి గమనించవలసి ఉన్నది. బజారు ఒకటైనా భూమి చట్టం ఒకటి కాలేదు.

రాజ్యాంగం ఏడవ షెడ్యూలులోని రాష్ట్రాల జాబితా, 18వ పద్దు ప్రకారం భూమి హక్కులు, కౌలు, వ్యవసాయ భూమి బదలాయింపు రాష్ట్రాల అధికారంలోనివి. 1973 నాటి భూ పరిమితి చట్టం, 1977 నాటి అసైన్డు భూముల చట్టం ఉమ్మడి రాష్ట్రపు వారసత్వమే. ఆ తరువాత దారులు వేరైనవి. ఆంధ్రప్రదేశ్‌లో రికార్డులు 1971 చట్టం కిందనే నడుస్తున్నవి. తెలంగాణ 2020లో ధరణి, 2025లో భూభారతి తెచ్చినది. ఆంధ్రప్రదేశ్ తెచ్చిన భూ హక్కుల చట్టం 2023 అక్టోబరులో అమలుకు వచ్చి, 2024లో రద్దయినది.

అసలు చిక్కు అసైన్డు భూమి వద్దనే ఉన్నది. 1977 చట్టం కింద అట్టి భూమి కొనుగోలు చెల్లదు. ప్రభుత్వం స్వాధీనం చేసుకొనవచ్చు. ఇరవై ఏళ్లు దాటిన అసైన్డుదారులకు అమ్ముకొనే హక్కు ఇస్తూ ఆంధ్రప్రదేశ్ 2023లో సవరణ చేసినది. 2024లో అట్టి భూముల రిజిస్ట్రేషన్లు నిలిపి విచారణకు ఆదేశించినది. ధర చౌక అని కొన్నవారికి గోదాము కట్టిన పిదప పెట్టుబడి మొత్తానికే ముప్పు రావచ్చును. హక్కు తేలని భూమి తనఖాపై బ్యాంకు అప్పు కూడా పుట్టదు.

ఇది మన వద్దనే ఉన్న విషయం కాదు. తూర్పు ఆఫ్రికా దేశాలు 2010 జూలై 1 నుండి ఉమ్మడి మార్కెట్ ఒడంబడిక అమలు చేస్తున్నవి. సరుకు, పెట్టుబడి, కూలీల రాకపోకలకు అది దారి తెరచినది. భూమిని మాత్రం 15వ అధికరణం ప్రకారం ఏ దేశం చట్టానికి ఆ దేశానికే విడిచినది.

కావున బయానా ఇవ్వకముందే ఈవల అడంగలు, 1-బి, 22-ఏ నిషేధిత జాబితా, ఇ.సి. చూచుకొనవలెను. ఆవల భూభారతి రికార్డు, అక్కడి నిషేధిత జాబితా చూడవలెను. ఒక రాష్ట్రంలో చెల్లిన కాగితం రెండవ రాష్ట్రంలోనూ సరిపోవునని తలచరాదు.