రైఫిల్ కొనండి, మిగతాదంతా ఇంట్లో కట్టండి: పది మీటర్ల లెక్క

2012 జులై 30న లండన్ ఒలింపిక్స్‌లో పురుషుల 10 మీటర్ల ఎయిర్ రైఫిల్ పోటీ జరిగింది. హైదరాబాద్‌లో పెరిగిన గగన్ నారంగ్ 701.1 పాయింట్లతో కాంస్యం గెలిచాడు. 702.1తో స్వర్ణం రొమేనియా కుర్రాడు మొల్డొవెయాను పట్టుకుపోయాడు. ఫైనల్లో ఇద్దరి స్కోరూ 103.1, రవ్వంత తేడా లేదు. తేడా అంతా అంతకుముందు క్వాలిఫికేషన్‌లోనే వచ్చింది. అక్కడ ఒకరు 599, మరొకరు 598. అరవై గుళ్లలో ఒక్కటి పదిలో పడాల్సింది తొమ్మిదిలో పడింది.

ఆ ఒక్క పాయింటు కొలత 2.5 మిల్లీమీటర్లు. అది ఎక్కడ చేజారుతుందో అర్థమైతే, ఇంట్లో రైఫిల్ కోసం బల్ల వేసుకోవాలనుకునే వారికి ఏ పని తమదో, ఏది కాదో తేలిపోతుంది. నల్లగొండ నుంచైనా మహబూబ్‌నగర్ నుంచైనా హైదరాబాద్ దాదాపు 100 కిలోమీటర్లు. రోజూ అంత దూరం వెళ్లి సాధన చేయడం ఏ పిల్లవాడికీ సాధ్యం కాదు. కాబట్టి ఇంట్లో ఏం చేయవచ్చన్నది మన జిల్లాలకు అసలైన ప్రశ్న.

చట్టం గీసిన గీత: 20 జౌళ్లు, 4.5 మిల్లీమీటర్లు

ముందు తేల్చుకోవాల్సింది తుపాకీ తయారీ సంగతి. 1959 ఆయుధాల చట్టం 5వ సెక్షన్ ప్రకారం లైసెన్సు లేకుండా తుపాకీ తయారు చేయడమే కాదు, అమ్మడం, మరమ్మతు చేయడం, పరీక్షించడం, ఒక రకాన్ని మరో రకంగా మార్చడం కూడా నేరమే. 2019 సవరణ తర్వాత ఈ నేరానికి కనీస శిక్ష 7 ఏళ్లు, గరిష్ఠంగా యావజ్జీవం. ఇంట్లో సొంతానికి చేసుకున్నాననీ, ఎవరికీ హాని చేయలేదనీ చెప్పినా కేసు తప్పదు.

ఈ నేలకు ఇంట్లో తుపాకుల జ్ఞాపకం ఉంది. తెలంగాణ సాయుధ పోరాట కాలంలో నల్లగొండ పల్లెలు వడిసెలలు, కారంపొడి, భర్మార్లతో రజాకార్లకు ఎదురు నిలిచాయి. 1951 అక్టోబరులో ఆ పోరాటం ముగిసింది. ఈ రోజు నాటు తుపాకీ పట్టుకున్నవాడి చేతిలో ఉన్నది పోరాటం కాదు. అది అడవి జంతువు ప్రాణమో, పేలితే తన చెయ్యో, లేదంటే ఏడేళ్ల జైలో అవుతుంది.

చట్టం తెరిచి ఉంచిన దారి ఎయిర్ రైఫిల్. 2016 ఆయుధ నిబంధనల ప్రకారం బ్యారెల్ లోపలి వ్యాసం 4.5 మిల్లీమీటర్లు (0.177 అంగుళం) మించకుండా, పెల్లెట్ శక్తి 20 జౌళ్లు దాటకుండా ఉంటే లైసెన్సు అక్కర్లేదు. పోటీల్లో వాడే పెల్లెట్ బరువు దాదాపు 0.53 గ్రాములు, వేగం సెకనుకు దాదాపు 170 మీటర్లు. లెక్క కడితే శక్తి 7.7 జౌళ్లకు దగ్గరగా వస్తుంది. చట్టం ఇచ్చిన హద్దులో ఇది సగం కూడా కాదు. ఒలింపిక్ పతకానికి ఇంతకు మించిన శక్తి అవసరం లేదు. స్ప్రింగు మార్చో, కవాటం కదిపో బలం పెంచాలనుకుంటే ఆట ఒక్క పాయింటు కూడా మెరుగవదు. పైగా 20 జౌళ్లు దాటిన మరుక్షణం అది లైసెన్సు కావాల్సిన ఆయుధం.

ఇంకో గీత అడవి దగ్గర ఉంది. పాత మహబూబ్‌నగర్, నల్లగొండ జిల్లాల్లో పరుచుకున్న అమ్రాబాద్ పులుల అభయారణ్యం విస్తీర్ణం 2,600 చదరపు కిలోమీటర్ల పైమాటే. 1972 వన్యప్రాణి రక్షణ చట్టం ప్రకారం అభయారణ్యంలోకి అనుమతి లేకుండా ఆయుధంతో అడుగు పెట్టకూడదు. పిట్టనో కుందేలునో కొట్టడానికి ఎయిర్‌గన్ కొనేవారికి ఈ కథనంలో ఏమీ లేదు. కాగితం మీది చుక్క కోసం కొనేవారికే ఇది.

తయారీ ఎందుకు మన బల్ల మీది పని కాదు: 0.01 మిల్లీమీటరు

చట్టాన్ని పక్కన పెట్టి చూసినా లెక్క మారదు. పోటీ లక్ష్యంలో పది అనే చుక్క వ్యాసం 0.5 మిల్లీమీటర్లు, ఆవగింజలో సగం కూడా లేదు. పెల్లెట్ అంచు ఆ చుక్కను తాకితే పది వస్తుంది. పెల్లెట్ వ్యాసంలో సగం 2.25, చుక్కలో సగం 0.25. రెండూ కలిపితే 2.5. అంటే పెల్లెట్ నడిబొడ్డు లక్ష్యం నడుమ నుంచి 2.5 మిల్లీమీటర్లు దాటితే తొమ్మిది. ఇప్పటి దశాంశాల లెక్కలో ప్రతి 0.25 మిల్లీమీటరుకూ పాయింటులో పదో వంతు తగ్గుతుంది. అన్నీ సరిగ్గా నడుమ పడితే గుండుకు 10.9, అరవై గుళ్లకు 654.

ఈ ఖచ్చితత్వం కోసం పెల్లెట్లనే 4.48, 4.49, 4.50, 4.51 అని తల కొలతను బట్టి వేరు చేసి అమ్ముతారు. మెట్టుకూ మెట్టుకూ తేడా 0.01 మిల్లీమీటరు. ఒక్కో బ్యారెల్‌కు ఒక్కో కొలత నప్పుతుంది. మంచి కంపెనీలు బ్యారెల్‌ను ఫ్యాక్టరీలో బిగించి కాల్చి చూసి, ఆ కాగితాన్ని రైఫిల్‌తోపాటే పెట్టెలో పెట్టి ఇస్తాయి. ఐదు గుళ్లూ దాదాపు ఒకే రంధ్రంలోంచి దూసుకుపోయి ఉంటాయి. అలాంటి బ్యారెల్ మన లేత్ మీద రాదు. కాబట్టి రైఫిల్ కొనాల్సిందే. దిగుమతి చేసిన పోటీ రైఫిల్ ధర లక్షల్లో ఉంటుంది కనుక, మొదలుపెట్టేవారు శిక్షణ రైఫిల్‌తోనో, అకాడమీలో అద్దె రైఫిల్‌తోనో మొదలుపెట్టడం మేలు.

రైఫిల్ తప్ప మిగతాదంతా మన వడ్రంగీ వెల్డరూ చేసిపెట్టగలరు. పాయింట్లు పోయేది కూడా ఎక్కువగా ఆ మిగతాదాంట్లోనే. గురి చూసే ముందు సైటుకూ వెనక సైటుకూ మధ్య 80 సెంటీమీటర్లుంటే, లక్ష్యం మీద 2.5 మిల్లీమీటర్లు తప్పడానికి కంటి ముందు 0.2 మిల్లీమీటరు కదిలితే చాలు. రైఫిల్ ఒంటికి సరిగ్గా అమరకపోతే ఆ 0.2 ప్రతి గుండుకూ పోతూనే ఉంటుంది.

స్థలం: 40 అడుగులు

10 మీటర్లంటే 33 అడుగులకు రెండంగుళాలు తక్కువ. నిలబడడానికి చోటు, లక్ష్యం వెనక పెట్టె కలుపుకుంటే 40 అడుగులు కావాలి. 30×60 అడుగుల 200 గజాల ప్లాటులో ప్రహరీ వెంట ఈ పొడవు దొరుకుతుంది. డాబా మీద వద్దు. పిట్టగోడ దాటిన పెల్లెట్ పక్కింటి వాకిట్లో పడుతుంది.

లక్ష్యం నడిబిందువు నేల నుంచి 1.40 మీటర్ల ఎత్తున ఉండాలి. అంతర్జాతీయ నిబంధనల ప్రకారం లక్ష్యం మీద కనీసం 1,500 లక్స్, గదిలో 300 లక్స్ వెలుతురు ఉండాలి. ఒక ఎల్‌ఈడీ ఫోకస్ దీపాన్ని కాగితానికి దగ్గరగా, కంటిలో పడకుండా బిగిస్తే సరిపోతుంది. లక్స్ కొలిచే యాప్ ఫోన్లో ఉంటే అంచనాకు పనికొస్తుంది.

లక్ష్యం వెనక 9 అంగుళాల ఇటుక గోడ ఉండాలి. కాల్చే చోటికీ లక్ష్యానికీ మధ్య తలుపు గానీ దారి గానీ ఉండకూడదు. ఉంటే కాల్చినంతసేపూ లోపలి నుంచి గడియ పెట్టాలి. పెల్లెట్లు పట్టే పెట్టెను వెల్డింగ్ షాపులో 3 మిల్లీమీటర్ల ఇనుప రేకుతో చేయించుకోవచ్చు. వెనక రేకును కిందికి 45 డిగ్రీల వాలుగా పెట్టిస్తే సీసం ముందుకు చిట్లకుండా అడుగున పడుతుంది. అయినా కాల్చేవారికీ చూసేవారికీ కళ్లద్దాలు తప్పనిసరి.

బల్ల: నాలుగడుగులు, రెండడుగులు

బల్ల 4×2 అడుగులు చాలు. వేప చెక్క కాళ్లు, పైన 18 మిల్లీమీటర్ల ప్లైవుడ్, దాని మీద రబ్బరు షీటు వేయండి. నిలబడి పని చేసే మనిషి మోచేతికి నాలుగైదు అంగుళాలు కింద ఉంటే నడుము పట్టదు. సగటు మనిషికి అది 35, 36 అంగుళాల దగ్గర వస్తుంది. బల్ల ఒక మూల కూడా ఊగకూడదు. రసమట్టం పెట్టి కాళ్ల కింద సరిచేసుకోవాలి.

వడ్రంగి వైస్‌లో రైఫిల్‌ను నేరుగా బిగించకండి. ఇనుప దవడలు అల్యూమినియాన్ని గీరేస్తాయి, బ్యారెల్‌ను ఒత్తేస్తాయి. రెండు చెక్క ముక్కలకు ‘వి’ ఆకారంలో గాడి తీసి, అందులో మెత్తటి ఫెల్ట్ అంటించి, ముందొకటి వెనకొకటి నిలబెట్టండి. రైఫిల్ వాటి మీద బరువుతో ఆని కూర్చోవాలే తప్ప బిగింపు అక్కర్లేదు.

పనిముట్ల జాబితా చిన్నదే. 2 నుంచి 5 మిల్లీమీటర్ల అలెన్ కీలు, న్యూటన్ మీటర్లలో బిగింపు చూపే టార్క్ డ్రైవర్, ఉక్కు స్కేలు, వెర్నియర్ కాలిపర్, తూకం గుండు, చిన్న బ్రష్, బ్యారెల్ తుడిచే ఫెల్ట్ ముక్కలు, ఒక నోట్ పుస్తకం. వీటిలో అందరూ వదిలేసేది టార్క్ డ్రైవర్. రైఫిల్‌ను చట్రంలో కూర్చోబెట్టే మరలను ఒకసారి గట్టిగా, మరోసారి వదులుగా బిగిస్తే పెల్లెట్లు పడే చోటు మారిపోతుంది. ఎంత బిగించాలో కంపెనీ పుస్తకంలో ఉంటుంది. ప్రతిసారీ అదే అంకె రావాలి.

బల్ల మీద జరిగే అసలు పని అమరిక. భుజానికి ఆనే బట్ ప్లేట్ ఎత్తు, చెంప ఆనించే చెక్క ఎత్తు, చేతి పిడి కోణం, రైఫిల్ ముందూ వెనకా పెట్టే చిన్న బరువులు. నిబంధనల ప్రకారం మొత్తం బరువు 5.5 కిలోలు మించకూడదు. ఏదైనా మార్చినప్పుడు ఒక్కటే మార్చండి. మార్చకముందు స్కేలు పెట్టి కొలత రాయండి, మార్చాక మళ్లీ రాయండి. తర్వాత పది గుళ్లు కాల్చి చూడండి. రెండు మరలు ఒకేసారి తిప్పితే మేలు దేనివల్ల జరిగిందో, కీడు దేనివల్ల జరిగిందో ఏ కోచ్ కూడా చెప్పలేడు.

గాలి: 200 బార్

ఇప్పటి పోటీ రైఫిళ్లు ఎక్కువగా 200 బార్ ఒత్తిడితో నింపిన గాలి సిలిండర్‌తో పనిచేస్తాయి. లారీ టైరులో ఉండేది 8 బార్ అటూ ఇటూ. కాబట్టి పంక్చర్ షాపు కంప్రెసర్ దీనికి పనికిరాదు. చేతి పంపు గానీ, పెద్ద సిలిండర్ గానీ, దీనికోసమే చేసిన కంప్రెసర్ గానీ కావాలి.

ప్రాణం మీదికి తెచ్చే తప్పులు రెండున్నాయి. ఒకటి, వెల్డింగ్ షాపు ఆక్సిజన్‌తో నింపడం. గ్రీజు, నూనె తగిలిన చోట అంత ఒత్తిడిలో ఆక్సిజన్ పేలుతుంది. ఎన్నడూ చేయకూడదు. రెండు, మన ఎండలో కారులో వదిలేయడం. 20 డిగ్రీల దగ్గర 200 బార్ ఉన్న సిలిండర్, మే నెలలో మూసిన కారులో 50 డిగ్రీలకు చేరితే 220 బార్ అవుతుంది. సిలిండర్ మీద చెక్కిన గడువు తేదీ దాటితే, బయటికి ఎంత కొత్తగా కనిపించినా, పక్కన పెట్టాల్సిందే.

సీసం: డబ్బాకు 265 గ్రాములు

500 పెల్లెట్ల డబ్బాలో దాదాపు 265 గ్రాముల సీసం ఉంటుంది. రోజుకు అరవై కాల్చినా ముప్పై రెండు గ్రాములు పెట్టెలోకి చేరుతుంది. సీసం పిల్లల మెదడుకు విషం. కాల్చాక సబ్బుతో చేతులు కడుక్కోకుండా అన్నం ముట్టకూడదు. పెట్టె దగ్గర చీపురుతో ఊడవకండి, దుమ్ము లేస్తుంది. తడిగుడ్డతో తుడిచి ఆ గుడ్డ వేరుగా ఉంచండి. ఆ బల్ల మీద టిఫిన్ గిన్నె పెట్టే అలవాటు మొదటి రోజే మానేయాలి.

సాధనలో సగం సీసం లేకుండానే చేయవచ్చు. ఖాళీ రైఫిల్ ఎత్తిపట్టి లక్ష్యం చూడడం, ఊపిరి నిలపడం, ట్రిగ్గర్ మెల్లగా నొక్కడం, దించడం. పోటీలో అరవై గుళ్లకు 75 నిమిషాలు ఇస్తారు, అంటే గుండుకు 75 సెకన్లు. ఆ లయ ఇంట్లో గడియారం పెట్టుకుని నేర్చుకోవాల్సిందే.

ఇంటి నుంచి బడికి

హైదరాబాద్‌కే చెందిన ధనుష్ శ్రీకాంత్ వినికిడి లేకుండానే 2022 మేలో బ్రెజిల్‌లో జరిగిన డెఫ్లింపిక్స్ 10 మీటర్ల ఎయిర్ రైఫిల్లో స్వర్ణం గెలిచాడు. ఈ ఆటకు ఆరడుగుల పొడవు అక్కర్లేదు, పరుగు వేగమూ అక్కర్లేదు. నిలకడ కావాలి, దగ్గర్లో రేంజ్ కావాలి. మొదటిది మన పిల్లల దగ్గర ఉంది.

రెండోదాని లెక్క పెద్దదేమీ కాదు. 40 అడుగుల పొడవున్న గది, ఒక ఇటుక గోడ, నాలుగు ఇనుప పెట్టెలు, దీపాలు, ఒక బల్ల, పెట్టెడు పనిముట్లు, తాళం పడే బీరువాలో నాలుగు శిక్షణ రైఫిళ్లు, శిక్షణ పొందిన ఒక పెద్దమనిషి. నల్లగొండ, మహబూబ్‌నగర్‌లలో ఇంత పొడవు గది లేని ప్రభుత్వ డిగ్రీ కాలేజీ అరుదు. ఇంట్లో ఒక్కరి కోసం వేసుకున్న బల్ల అక్కడ వేస్తే ఇరవై మంది వాడుకుంటారు. తల్లిదండ్రులు, వ్యాయామ ఉపాధ్యాయులు కలిసి కాలేజీ ప్రిన్సిపాల్ ముందూ, జిల్లా క్రీడాధికారి ముందూ ఈ లెక్క పెట్టాలి. రైఫిల్ తయారీ కంటే ఇది నూరు రెట్లు తేలిక, నూరు శాతం చట్టబద్ధం. మన జిల్లాల పిల్లలు పతకం వైపు వేసే మొదటి అడుగుకు ఆ 100 కిలోమీటర్ల బస్సు ప్రయాణం అడ్డం కాకూడదు.