మీకు తెలుసా? అద్దెకిచ్చినా ఆడవాళ్ల క్లబ్బే!

పాతకాలపు మహిళా క్లబ్బు భవనాన్ని పెళ్లిళ్లకూ మీటింగులకూ అద్దెకిస్తే దాని గౌరవం పోతుందని కొందరి బాధ. కాలిఫోర్నియాలో మహిళల క్లబ్బుగా మొదలైన బర్కిలీ సిటీ క్లబ్బును చూస్తే ఆ బాధ నిలవదు. ఆ రాష్ట్రంలో ఆర్కిటెక్టుగా 1904లో లైసెన్సు పొందిన తొలి మహిళ జూలియా మోర్గాన్ రూపకల్పన చేసిన ఈ భవనం 1930లో పూర్తయింది. కాంక్రీటు ఆర్చీల కింద ఈతకొలను, భోజనశాల, బస గదులు. అంతా వాడుకోవడానికే కట్టారు, చూసి వెళ్లడానికి కాదు. మగవాళ్లకు సభ్యత్వం 1960లలో గానీ దొరకలేదు (పాపం, మూడు దశాబ్దాలు ఆగారు!). అందరినీ రానిస్తే ఆడవాళ్ల చోటు పలచబడదా? కొంత పలచబడుతుంది, కాదనలేం. కానీ పాత కాంక్రీటుకు మరమ్మతులు ఒట్టి అభిమానంతో జరగవు. హాలు అద్దె ఆ ఖర్చుకు ఆసరా. పైగా మీటింగుకని వచ్చినవారు మోర్గాన్ ఆర్చీల కిందుగానే నడిచి వెళ్తారు.